సమస్యాపూరణం: "ఎఱ్ఱ దీపము రమ్మని యెలమిఁ బిలిచె"

రేవుగీతి (నిర్వాహకుడు):
మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య తేటగీతి నాలుగో పాదం:

*ఎఱ్ఱ దీపము రమ్మని యెలమిఁ బిలిచె*

రోడ్డు మీదైనా, రైలు పట్టాల మీదైనా ఎర్రదీపం ఆగమంటుంది. ఇక్కడ ప్రేమగా రమ్మంటోంది. చిక్కు అదే. ఎర్రదీపం అనగానే తట్టే ఊరి సందుల అర్థం మాత్రం వద్దు.

వస్తువు కూడా నేనే ఇస్తున్నాను. భార్యాభర్తలిద్దరూ చిన్న మోటారు పడవలో ఒక మెరీనా (విహార పడవలు కట్టే రేవు) నుంచి ఇంకో మెరీనాకు తీరిగ్గా సాగిపోతుండాలి. చోటు అమెరికా తూర్పు తీరంలోని ఇంట్రాకోస్టల్ వాటర్‌వే. వర్జీనియాలో నార్ఫోక్ దగ్గర సున్నా మైలుతో మొదలై, నదులనూ కాలువలనూ సౌండ్లనూ (నేలకీ తీరపు దీవులకీ మధ్య ఉండే వెడల్పాటి నీళ్లు) కలుపుకుంటూ ఫ్లోరిడా దాకా పోయే దారి ఇది. చార్లెస్టన్ 469వ మైలు దగ్గర వస్తుంది. బయట సముద్రం ఎంత రేగినా చాలామటుకు లోపల్లోపలే వెళ్లిపోవచ్చు. ఏడెనిమిది నాట్ల (గంటకు ఒక నాటికల్ మైలు అంటే ఒక నాట్) వేగంతో పోయే పడవలో పొద్దున బయల్దేరితే సాయంత్రానికి ఇంకో రేవు. మేమిద్దరం వెళ్లే దారి కాబట్టి పద్యాలతో పాటు పడవ సంగతులు కూడా సరిచూస్తాను. సమస్యలోని చిక్కు పడవవాళ్ల పద్ధతిలోంచే విడిపోవాలని నా కోరిక.

తీరవాసి:
గురువుగారూ, నా ప్రయత్నం.

*కడలి వీడి రేవున కేగఁ గాంత తోడ*
*కుడికి నెఱుపును నెడమకుఁ గూడఁ బచ్చ*
*వెలుఁగు కాలువ నడుమను వెడలుచుండ*
*నెఱ్ఱ దీపము రమ్మని యెలమిఁ బిలిచె*

రేవుగీతి:
తీరవాసి గారూ, శుభారంభం. సముద్రం నుంచి రేవులోకి వచ్చేటప్పుడు ఎర్రది కుడివైపు ఉండాలి. ఇక్కడి పడవవాళ్లు మొదటి రోజే నేర్చుకునే పాఠమది. దాన్ని రెండో పాదంలో ఒక్క మాట వృథా కాకుండా ఇమిడ్చారు. రాత్రి ఇన్‌లెట్ (సముద్రం నుంచి లోపలికొచ్చే ఇరుకు దారి) ముందు నిలబడి, ఒడ్డున హోటళ్ల దీపాలన్నీ కలగాపులగంగా మెరుస్తుంటే, వాటిలో క్రమంగా ఆరి వెలిగే ఆ ఒక్క ఎర్ర చుక్క దొరికేదాకా ఎంత టెన్షనో అనుభవించినవాళ్లకి తెలుసు. అది దొరికితే నిజంగా పిలిచినట్టే ఉంటుంది.

ఒక్క లోపం. మొదటి పాదంలో "ఏగ" అన్నాక మూడో పాదంలో మళ్లీ "వెడలుచుండ" అన్నారు. రెండూ ఒకే పని. పైగా పడవ ఎవరు నడుపుతున్నారో పద్యంలో లేదు. మూడో పాదాన్ని ఇలా మార్చి చూడండి:

*వెలుఁగు కాలువ నడుమను విభుఁడు నడుప*

యతి వె–వి చెల్లుతుంది. చుక్కాని ఒకరి చేతికి వచ్చింది.

తీరవాసి:
సవరణకు ధన్యవాదాలండీ. చుక్కాని ఆవిడ చేతికిద్దామని ఉంది కానీ యతి కుదరలేదు.

కోరంగి:
అయ్యా, ఒక సందేహం. మాది కాకినాడ. మా రేవులోకి వచ్చే పడవలకి ఎర్ర బోయా (నీటిపై తేలుతూ దారి చూపే గుర్తు) ఎడమవైపు ఉంటుంది, పచ్చది కుడివైపు. తీరవాసి గారి పద్యం మా సరంగులకి చూపిస్తే పడవని ఇసకలో ఎక్కించమంటున్నారా అని అడుగుతారు. అందుకే నా పూరణ:

*మనకు నెడమవైపె యెఱుపు, మాట నిజమె;*
*అమెరికాలోనఁ గుడివైపు నదియె నిలుచు;*
*దిక్కు మాఱిన మాఱదు తీరు, దాన*
*నెఱ్ఱ దీపము రమ్మని యెలమిఁ బిలిచె*

రేవుగీతి:
కోరంగి గారూ, సందేహం న్యాయమైనదే, పూరణ అంతకంటే బాగుంది. ప్రపంచమంతటికీ బోయాల విషయంలో ఒకే కట్టుబాటు ఉండాలని 1980లో టోక్యోలో జరిగిన సమావేశంలో ఒప్పందానికి వచ్చారు గానీ, ఎర్ర పచ్చల దగ్గర మాత్రం రెండు ప్రాంతాలుగా ఉండిపోయారు. భారతదేశం, ఐరోపా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా "ఏ" ప్రాంతం, అక్కడ రేవులోకి వస్తుంటే ఎర్రది ఎడమ. రెండు అమెరికాలు, జపాన్, కొరియా, ఫిలిప్పీన్స్ "బి" ప్రాంతం, ఇక్కడ ఎర్రది కుడి. కాకినాడలో పడవ నడిపిన చెయ్యి చార్లెస్టన్‌లో చుక్కాని పడితే ముందు ఈ అలవాటును తలకిందులు చేసుకోవాలి.

పద్యం నడక సాఫీగా ఉంది. "మాట నిజమె" దగ్గర ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. లోటల్లా ఒక్కటే, ఇందులో దంపతులు లేరు. "దాన" తీసేసి "జంట" పెట్టండి:

*దిక్కు మాఱిన మాఱదు తీరు, జంట*
*నెఱ్ఱ దీపము రమ్మని యెలమిఁ బిలిచె*

జంటను పిలిచింది. గణం చెడలేదు, వస్తువు వచ్చింది.

కోరంగి:
ఆహా! రెండక్షరాలతో ఇద్దరినీ పడవెక్కించారు. అలాగే మార్చుకుంటాను.

గోదారిగట్టు:
ధవళేశ్వరం లాకులు చూస్తూ పెరిగినవాణ్ని. ఆ దారిలో కూడా లాకు ఉందని తెలిసి రాసింది:

*లాకు గుమ్మాన నెఱుపుండ లంగరేసి*
*నిలిచినారము గాని, యీ నిశిని రేవు*
*ముంగిట నదే వెలుంగుచు ముచ్చటగను*
*నెఱ్ఱ దీపము రమ్మని యెలమిఁ బిలిచె*

రేవుగీతి:
ఇది నాకు చాలా నచ్చింది. ఆగమనే ఎరుపునూ రమ్మనే ఎరుపునూ ఒకే పద్యంలో ఎదురెదురుగా నిలబెట్టారు. చిక్కును దాటవేయకుండా దాన్నే పద్యానికి ఇరుసు చేశారు. నార్ఫోక్ నుంచి బయల్దేరిన కాసేపటికే గ్రేట్ బ్రిడ్జ్ లాకు వస్తుంది. అక్కడ ఎర్రదీపం ఉన్నంతసేపూ బయట ఆగాల్సిందే. పచ్చది వెలిగాక లోపలికి వెళ్లి గోడవారగా మోకులు పట్టుకుని నిలబడితే, నీటిమట్టం తేడా ఎంతో ఉండదు కాబట్టి పని తొందరగానే అయిపోతుంది.

అయితే లాకు ముందు ఎవరూ లంగరు వెయ్యరు. దీపం మారగానే కదలాలి, వెనక పడవలు కాచుకుని ఉంటాయి. ఇంజను న్యూట్రల్‌లో పెట్టి, గాలికి పడవ పక్కకి కొట్టుకుపోకుండా ముందుకో తోపు, వెనక్కో తోపు ఇస్తూ ఉన్నచోటే నిలపాలి. పైగా "లంగరేసి" అన్నది ఈ పద్యంలోని గ్రాంథికానికి పొసగదు. మొదటి పాదం ఇలా ఉంటే రెండు దోషాలూ పోతాయి:

*లాకు గుమ్మాన నెఱుపుండ లాంచి నాపి*

గోదారిగట్టు:
"లాంచి" అనే మాట నాకు తట్టకపోవడమేమిటి, పాపికొండలకి లాంచీ మీదే కదా వెళ్లేది! సంతోషమండీ.

కొత్తకలం:
అందరికీ నమస్తే. పద్యం రాయడం ఇదే మొదలు. తప్పులుంటే చెప్పండి.

*మోటరు బోటులో నిరువురు ముదముతోడ*
*పెలికనులఁ జూచి, డాల్ఫిను వెంటఁ బడఁగ*
*సంజ సూర్యుఁడు నీటిపై సాగి మెఱయు*
*నెఱ్ఱ దీపము రమ్మని యెలమిఁ బిలిచె*

రేవుగీతి:
కొత్తకలం గారూ, స్వాగతం. మొదటి పద్యంలోనే మూడు పాదాలు తప్పు లేకుండా నడిచాయి. మొదటి పాదంలోనే గణభంగం. "మోట" సూర్యగణం, సరే. తర్వాత "రుబో" వచ్చింది, అంటే లఘువు పక్కన గురువు. ఏ ఇంద్రగణమూ లఘువు, గురువులతో మొదలవదు. ఆరు గణాలనూ ఒకసారి కాగితం మీద రాసుకుని చూడండి, ఇక ఎప్పటికీ మరిచిపోరు. సవరణ:

*మోటరోడపై నిరువురు ముదముతోడ*

మో–ము యతి కుదిరింది, పడవ కూడా ఓడ అయింది!

భావం విషయానికి వస్తే, సూర్యుణ్ని దీపమనడం అందరికీ మొదట తోచేదే. తప్పేమీ కాదు గానీ దానివల్ల సమస్యలోని ఎరుపుకి కొత్త అర్థం రాలేదు. ఇంకో సంగతి: తూర్పు తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, ఒడ్డువైపు దిగుతాడు. సౌత్ కరోలినా, జార్జియాల్లో అయితే కనుచూపుమేరా ఉప్పుగడ్డి బీళ్లలోకి దిగుతాడు. మీ జంట పామ్లికో సౌండు లాంటి వెడల్పాటి చోట ఉందనుకుంటే "నీటిపై" సరిపోతుంది. డాల్ఫిను వెంటపడటం మాత్రం అచ్చంగా నిజం. పడవ ముందు లేచే అలలో ఆడుకోవడానికే అవి వస్తాయి.

సాయంసంధ్య:
నమస్కారమండీ. రేవులో దీపం కాకుండా పడవలో దీపం మీద రాశాను.

*చీఁకటిన్ జూపు చెదరక జిలుఁగు పటము*
*చదువు నిల్లాలి చేతను సన్నగాను*
*వెలిఁగి లాంచీని నడిపెడి విభునిఁ జేర*
*నెఱ్ఱ దీపము రమ్మని యెలమిఁ బిలిచె*

రేవుగీతి:
అమ్మా, ఈ వారం ఎవరూ వెళ్లని వైపు వెళ్లారు. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటుపడటానికి అరగంట దాకా పడుతుంది. ఒక్కసారి తెల్ల టార్చి వేస్తే ఆ అలవాటంతా పోతుంది. అందుకే రాత్రి పడవలో మ్యాపు చూడాలంటే ఎర్ర టార్చే వాడతారు. భార్య పటం చదవడం, భర్త చుక్కాని పట్టడం, ఇద్దరి పనీ పద్యంలో ఉంది. విహారమంటే ఊరికే కూర్చోవడం కాదని ఇందులోనే బాగా కనిపించింది.

మూడో పాదం గురించి ఒక మాట. భర్తను తన దగ్గరికి రమ్మని పిలిస్తే అతను చుక్కాని వదలాలి, అదీ రాత్రిపూట. ఆవిడ పిలవాల్సింది అతని చూపును. కాబట్టి:

*వెలిఁగి లాంచీని నడిపెడి విభుని కనుల*
*నెఱ్ఱ దీపము రమ్మని యెలమిఁ బిలిచె*

సాయంసంధ్య:
"కనులను పిలిచె"! నేను అనుకుని చెప్పలేకపోయింది ఇదేనండీ. మనఃపూర్వక నమస్సులు.

తీరవాసి:
గురువుగారూ, రెండో పూరణ. కేప్ ఫియర్ నదిలో దిగేటప్పుడు అందరూ తడబడే చోటు.

*ఎడమ నెఱుపేల యని పతి యేగలేక*
*నిలువ, దానిపైఁ బసుపును నెలఁత చూపి*
*"చదరమున్నది సాగుమో సామి" యనఁగ*
*నెఱ్ఱ దీపము రమ్మని యెలమిఁ బిలిచె*

కోరంగి:
తీరవాసి గారూ, పద్యం చెవికి ఇంపుగా ఉంది కానీ పసుపేమిటి, చదరమేమిటి?

తీరవాసి:
చెబుతానండీ. ఈ వాటర్‌వేలో దక్షిణానికి పోతుంటే ఎర్ర గుర్తులు కుడివైపు, అంటే ప్రధాన భూభాగం వైపు వస్తాయి. ఉత్తరానికి పోతుంటే ఎడమవైపు. కానీ నార్త్ కరోలినాలో స్నోస్ కట్ అనే కాలువ దాటి కేప్ ఫియర్ నదిలో పడ్డాక సౌత్‌పోర్ట్ దాకా నది గుర్తులే వాటర్‌వే గుర్తులు కూడా. నది సముద్రంలోకి పోతోంది, మనం దానితో పాటు దిగుతున్నాం, కాబట్టి రంగులు తారుమారవుతాయి, ఎర్రది ఎడమకి వస్తుంది. అలాంటి చోట గుర్తు మీద చిన్న పసుపు చదరమో త్రికోణమో అంటిస్తారు. దక్షిణానికి పోయేవాళ్లకి చదరం ఉన్నది ఎడమకి, త్రికోణం ఉన్నది కుడికి. కింద రంగు ఏదైనా సరే, పసుపు చెప్పిందే లెక్క.

రేవుగీతి:
ఈ వారం అన్నిటికంటే మిన్న ఇదే. సమస్యలో ఒక విరోధం ఉంటే తీరవాసి గారు దాని మీద ఇంకొకటి పేర్చి, రెండింటినీ ఒక చిన్న పసుపు ముక్కతో విడగొట్టారు. "సాగుమో సామి" అన్నప్పుడు ఆవిడ గొంతు వినిపిస్తోంది. చ–సా యతి కూడా శుభ్రంగా పడింది. పసుపు ముక్క తనంతట వెలగదు, రాత్రయితే దాని మీద లైటు వేసి చూడాలి. "చూపి" అన్నారు కాబట్టి ఆ లైటు ఆవిడ చేతిలో ఉందనుకుంటాను.

నా పూరణ కూడా ఒకటి:

*చేతి మోకును విసరఁగఁ జెలువ నిలువ*
*మెల్లఁగా నాథుఁ డింజను మీట వంచ*
*నిదురఁ జెందిన యూరిలో నీటిచెంత*
*నెఱ్ఱ దీపము రమ్మని యెలమిఁ బిలిచె*

గోదారిగట్టు:
మీరు అడిగారు కాబట్టి మేమూ అడుగుతాం. రేవుకి అంత దగ్గరికి వచ్చి మోకు విసరబోతుంటే, ఇక దీపం రమ్మని పిలవడమెందుకు? అప్పటికే వచ్చేశారు కదా!

రేవుగీతి:
మంచి పట్టు పట్టారు. కొన్ని మెరీనాల్లో లోపలి జెట్టీ చివర కూడా ఎర్రదీపం ఉంటుంది, నా మనసులో ఉన్నది అది. కానీ పద్యంలో ఆ మాట లేదు కాబట్టి మీ ఆక్షేపణ నిలుస్తుంది. మూడో పాదంలో ఊరు తీసేసి జెట్టీ తెస్తాను:

*నీట నిలిచిన జెట్టీకి నెదుట వెలిఁగి*
*యెఱ్ఱ దీపము రమ్మని యెలమిఁ బిలిచె*

గోదారిగట్టు:
ఇప్పుడు సరిపోయిందండీ. నీ–నె యతి కూడా కుదిరింది.

రేవుగీతి:
వచ్చే వారానికి సమస్య, ఆటవెలది నాలుగో పాదం:

*అలలు లేని కడలి యలజడిఁ గొనె*

వస్తువు ఇదే, చోటు జార్జియా తీరం. అక్కడ పోటుకీ పాటుకీ మధ్య 7 నుంచి 9 అడుగుల తేడా ఉంటుంది. గాలి లేని రోజున కూడా వాగుల్లో నీళ్లు ఏటిలా పరిగెడతాయి, జెట్టీకి పడవ కట్టడం పరీక్షే. కొత్తకలం గారు ఈసారి తప్పకుండా రాయాలి. రెండు నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే, ఇంద్రగణాల బెడద లేదు.