టెర్రిఫయర్ 2: మొదటిది చూడకపోతే అర్థమవుతుందా?

ప్రశ్న (విజయనగరం): శనివారం రాత్రి ఆరుగురం కూర్చుని ఈ హారర్ సినిమా చూద్దామనుకుంటున్నాం. మొదటి భాగం తప్పనిసరా? హాల్లో జనం కళ్లు తిరిగి పడిపోయారన్నది నిజమా, పబ్లిసిటీయా?

జవాబు (శ్రీకాకుళం): 2022 అక్టోబరులో అమెరికాలో వాంతులు, స్పృహ తప్పడం అంటూ వార్తలొచ్చాయండి. అవే టికెట్లు తెంపాయి. సుమారు రెండున్నర లక్షల డాలర్లతో తీస్తే వసూళ్లు కోటి డాలర్లు దాటాయి. 2016 నాటి మొదటి భాగంలో చివరి పది నిమిషాలు, మార్చురీ సీనుతో సహా చూసెయ్యండి, చాలు.

ఇంకో జవాబు: మెచ్చినవాళ్లు హీరోయిన్ సియెన్నా పాత్రనీ మేకప్‌నీ మెచ్చారు. తిట్టినవాళ్లది ఒకటే గోల, నిడివి. స్లాషర్‌కి, అంటే హంతకుడు ఒక్కొక్కరినీ నరుక్కుంటూ పోయే సినిమాకి, 138 నిమిషాలేంటి బాబూ! బెడ్‌రూం సీన్లో జోకర్ వేషంలోని హంతకుడు పచ్చి గాయాల మీద ఉప్పు జల్లుతాడు, లేచిపోయేవాళ్లు అక్కడే లేస్తారు. బిర్యానీ తర్వాతకి పెట్టుకోండి. చివర్లో పేర్లు పడగానే కట్టేయకండి, మధ్యలో ఇంకో సీనుంది.