హనీమూన్ గదిలో డబుల్ కాట్: రిక్వెస్టు పెడితే చాలా, డబ్బు కట్టి ఖాయం చేసుకోవాలా?

మూసీ తీరం:

గత శ్రావణంలో మా పెళ్లయింది. ముహూర్తం కుదిరిన ఏడు వారాలకే పెళ్లి కావడంతో వీసాలు, టికెట్లు అన్నీ ఉరుకులు పరుగుల మీదే జరిగాయి. హైదరాబాద్‌లో ఒక ఏజెంట్ దగ్గర ఆరు రాత్రుల స్విట్జర్లాండ్ హనీమూన్ ప్యాకేజీ తీసుకున్నాం. లూసెర్న్ హోటల్‌కు చేరేసరికి రాత్రి పదిన్నర. తలుపు తీస్తే గోడ పక్కన ఒక మంచం, కిటికీ కింద ఒక మంచం. రెండూ ఒక్కొక్కరు పడుకునేవే. నడుమ చిన్న బల్ల, దాని మీద దీపం.

రిసెప్షన్‌లో అడిగితే, మీ బుకింగ్‌లో ఉన్న గదే ఇచ్చామన్నారు. వేరే గది ఖాళీ లేదు. ఏజెంట్‌కు ఫోన్ చేస్తే, "డబుల్ కాట్ కావాలని రిక్వెస్టు పెట్టాను సార్, ఇవ్వడం ఇవ్వకపోవడం హోటల్ వాళ్ల ఇష్టం" అన్నాడు.

నేను అడిగేది ఒక్కటే. హనీమూన్ అని పేరు పెట్టి అమ్మినవాడికి ఒకే మంచం ఇప్పించే బాధ్యత లేదా? దానికి విడిగా డబ్బు కట్టమనడం, పెళ్లికి పిలిచి విస్తరికి ఇంత అని వసూలు చేయడం లాంటిదని నా అభిప్రాయం.

బెజవాడ బాటసారి:

మూసీ తీరం గారూ, మీ బాధ అర్థమైంది. పద్నాలుగేళ్లుగా నేను ఇదే వ్యాపారంలో ఉన్నాను కాబట్టి అవతలి వైపు కూడా చెప్పాలి.

ఒకసారి మీ వోచర్ తీసి గది రకం ఏమని రాసి ఉందో చూడండి. చాలా ప్యాకేజీలలో అది "డబుల్ లేదా ట్విన్" అనే ఉంటుంది. అంటే ఒకే పెద్ద మంచం ఇవ్వవచ్చు, రెండు చిన్నవీ ఇవ్వవచ్చు. ఆ రోజు ఏది మిగిలితే అది ఇచ్చే షరతు మీదే హోటల్ ఆ ధరకు గది ఇస్తుంది. ఒకే పెద్ద మంచం అని గది రకంలోనే రాసి ఉండే గదులు వేరు, వాటి ధర వేరు. ధర తగ్గించమని నలుగురు ఏజెంట్ల చుట్టూ తిరిగి, అందరికంటే తక్కువ చెప్పినవాడి దగ్గర తీసుకుంటే అందులో వచ్చేది ఈ గదే. ఆగస్టు అక్కడ మంచి రద్దీ కాలం కూడా.

వీసా సంగతి మరొకటి. షెంజెన్, అంటే స్విట్జర్లాండ్‌తో సహా చాలా ఐరోపా దేశాలకు చెల్లే ఉమ్మడి వీసా, దాని దరఖాస్తుతో పాటు హోటల్ బుకింగులు చూపించాలి. వీసా వస్తుందో రాదో తెలియదు కాబట్టి రద్దు చేసుకునే వీలున్నవి పెడతాం. వీసా చేతికొచ్చాక చవకగా దొరికే వేరే హోటల్‌కు మారుస్తాం. మొదటి బుకింగ్‌లో రాసిన కోరిక రెండోదానికి దానంతట అది వెళ్లదు. మీ విషయంలో ఇదే జరిగి ఉండవచ్చు.

కొత్త కోడలు:

బాటసారి గారూ, ఇవన్నీ మీకు తెలుసు. డబ్బు తీసుకునే ముందు ఆ జంటకు ఎందుకు చెప్పరు? పూల అలంకరణ, కేకు, కొవ్వొత్తుల వెలుగులో భోజనం అని నాలుగు రంగుల కాగితం మీద వేస్తారు. మంచం గురించి ఒక్క ముక్క ఉండదు.

మాది పెద్దలు కుదిర్చిన పెళ్లి. పెళ్లికి ముందు మేమిద్దరం మాట్లాడుకున్నది మొత్తం కలిపితే నాలుగు పూటలు ఉంటుందేమో. స్విట్జర్లాండ్‌లోనే ఇంటర్లాకెన్ అనే ఊళ్లో మాకూ రెండు మంచాలే ఇచ్చారు. కిందికి వెళ్లి మార్చమని అడగడానికి ఆయనకు మొహమాటం, ఆయనను పంపడానికి నాకు సిగ్గు. చివరికి మేమే రెండు మంచాలనూ దగ్గరకు జరిపాం. చెక్క నేల, మంచం కోళ్లకు చిన్న చక్రాలు. పక్కకు ఒత్తిగిల్లితే చాలు, మధ్యలో సందు తెరుచుకునేది. ఒక రాత్రి నా చేయి మోచేతి దాకా అందులోకి జారి, గాజు విరిగింది. పెళ్లిలో వేసిన ఎర్ర గాజు అది. ఆ విరిగిన ముక్కను ఆయన కాగితంలో చుట్టి తన పర్సులో పెట్టుకున్నారు. ఆ జ్ఞాపకం నాకు ఇష్టమే. అంతమాత్రాన ఏజెంట్ చేసింది ఒప్పు కాదు.

గల్ఫ్ రిసెప్షన్:

దుబాయ్‌లో తొమ్మిదేళ్లుగా హోటల్ రిసెప్షన్‌లో పనిచేస్తున్నాను. గదులు ఎలా పంచుతామో చెబితే ఈ వాదనలో సగం తేలుతుంది.

రేపు రాబోయేవారి జాబితా ముందు రోజు రాత్రో, ఆ రోజు ఉదయమో మా ముందుకు వస్తుంది. మంచం ఖాయం చేసి అమ్మిన గదులు ముందుగా పక్కన పెడతాం. తరువాత తరచూ వచ్చే అతిథులు. ఆ తరువాతే రిక్వెస్టులు. అలా మిగిలినవి, మధ్యాహ్నం నుంచి ఎవరు ముందు వస్తే వారికి. రాత్రి పదిన్నరకు వచ్చినవారికి ఎంపిక ఏమీ ఉండదు. పగవాళ్లమై ఇవ్వకపోవడం కాదు, గది ఉండదు.

ఇంకో సంగతి. చాలా హోటళ్లలో రెండు చిన్న మంచాలను కలిపి ఒకటి చేసే ఏర్పాటు ఉంటుంది. రెండు పరుపుల అంచులకూ జిప్పు ఉంటుంది. దాన్ని బిగించి, సందు కనబడకుండా పైన మరో పలుచని పరుపు వేసి, పెద్ద దుప్పటి పరుస్తారు. ఇద్దరు మనుషులు, అరగంట పని. పగలు చెబితే చేస్తారు. రాత్రి ఆ పనివాళ్లు ఇళ్లకు వెళ్లిపోయాక రిసెప్షన్‌లో ఒంటరిగా ఉన్నవాడు పరుపులు మోయలేడు.

అందుకే నా మాట: మూడు రోజుల ముందు నేరుగా హోటల్‌కే మెయిలు పెట్టండి. కొత్తగా పెళ్లయినవాళ్లమని రాయండి, ఎన్ని గంటలకు వస్తారో రాయండి. జవాబు రాతపూర్వకంగా అడగండి. అడగందే అమ్మైనా పెట్టదు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మేము రోజుకు పదిమందికి ఇదే పని చేస్తాం.

స్టుట్‌గార్ట్ తెలుగువాడు:

ఇక్కడ అందరూ "ఒకే మంచం" అన్న మాట పట్టుకున్నారు. దానికి ఎక్కువ డబ్బు కట్టి మోసపోయినవారిని చూశాను కాబట్టి నేను ఒప్పుకోను. అడగాల్సింది వెడల్పు, సెంటీమీటర్లలో.

జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో మామూలు డబుల్ మంచం అంటే ఒకే చట్రంలో 90 సెంటీమీటర్ల పరుపులు రెండు, రెండు వేరువేరు దుప్పట్లు. భార్యాభర్తలు ఇళ్లలో కూడా అలాగే పడుకుంటారు. నడిమి సందుకు జర్మన్‌లో ఒక పేరే ఉంది, బెజూఖర్‌రిట్సె. చుట్టాల సందు అనుకోండి. మొత్తం వెడల్పు 180. మన ఆరడుగుల డబుల్ కాట్‌తో దాదాపు సమానం.

పారిస్‌లో "గ్రాఁ లీ" అని, ఒకే పెద్ద మంచం అని, ఎక్కువ తీసుకుని ఇచ్చేది చాలా చోట్ల 140 సెంటీమీటర్లే. లండన్‌లో డబుల్ అంటే 135. జపాన్‌లో సెమీ డబుల్ అని ఒకటుంది, ఇద్దరికీ కలిపి 120. మనిషికి 60 అంటే మన రైలు బెర్తు లాంటిదే. పేరుకు ఒకే మంచం, తెల్లారేసరికి ఇద్దరికీ నడుం నొప్పి. లూసెర్న్ గదిలో విడివిడిగా ఉన్న ఆ రెండు మంచాలను కలిపి ఉంటే, పారిస్ మంచం కంటే అదే విశాలంగా ఉండేది.

కొత్త కోడలు:

స్టుట్‌గార్ట్ వారూ, వెడల్పు మాట నిజమే, నేర్చుకున్నాను. కానీ పదేళ్ల కాపురం తరువాత వేరే దుప్పటి కప్పుకోవడం వేరు, మొదటి వారం వేరు. ఆ వారంలో నేను 140 సెంటీమీటర్లలో సర్దుకునేదాన్ని. సందు వద్దు.

మూసీ తీరం:

వోచర్ తీసి చూశాను. బాటసారి గారు చెప్పినట్టే "డబుల్ లేదా ట్విన్" అని ఉంది. చివరి పేజీలో, చిన్న అక్షరాలలో. అదే హోటల్ వెబ్‌సైట్‌లో ఒకే మంచం ఖాయంగా ఉన్న గదికి రాత్రికి 25 ఫ్రాంకులు ఎక్కువ. ఆరు రాత్రులకు 150. పెళ్లి మండపానికి పెట్టిన పూల ఖర్చులో అదొక మూల. ముందే చెప్పి ఉంటే మారు మాట్లాడకుండా కట్టేవాడిని.

కాబట్టి నా మాట కొంత మార్చుకుంటున్నాను. డబ్బు కట్టి, గది రకంలోనే మంచం రాయించుకోవాలి. ఆ సంగతి చెప్పాల్సిన బాధ్యత మాత్రం అమ్మినవాడిదే. ఈ రెండోదాని దగ్గర నేను తగ్గను.

బెజవాడ బాటసారి:

చెప్పాలి, ఒప్పుకుంటాను. కానీ అందరికీ ఖరీదైన గదే చెబితే పక్క దుకాణానికి వెళ్లిపోతారు. రెండు ధరలూ పక్కపక్కన రాసి ఇవ్వడం ఒక్కటే దారి. నా దగ్గర సగం మంది తక్కువదే తీసుకుంటారు. వాళ్లు వచ్చి గొడవ పడితే ఆ కాగితం చూపిస్తాను.

మాఘం పెళ్లికొడుకు:

మాది వచ్చే మాఘంలో. రోమ్, ఫ్లోరెన్స్ వెళ్తున్నాం. ఇది చదివాక రెండు హోటళ్లకూ మెయిలు పెట్టాను. ఇటలీలో "దొప్పియా" అంటే రెండు మంచాలు కూడా కావచ్చట. ఒకే పెద్ద మంచానికి "మాట్రిమోనియాలే" అని అడగాలట. పెళ్లి మంచం అని అర్థం. ఆ మాటే రాసి, వెడల్పు కూడా అడిగాను. రోమ్ నుంచి జవాబు వచ్చింది: ఒకే పరుపు, 160 సెంటీమీటర్లు, ఖాయం, రాత్రికి 12 యూరోలు ఎక్కువ. కట్టేశాను. ఫ్లోరెన్స్ వాళ్లు "ప్రయత్నిస్తాం" అని మాత్రం రాశారు. అక్కడికి చేరేది రాత్రి తొమ్మిదికి. ఏం చేయమంటారు?

గల్ఫ్ రిసెప్షన్:

ఫ్లోరెన్స్‌ది ఇప్పుడే రద్దు చేసుకునే వీలుంటే ఖాయమని రాసి ఇచ్చే హోటల్‌కు మారండి. లేదంటే వెళ్లే రోజు ఉదయమే, రోమ్‌లో రైలు ఎక్కకముందు, ఫోన్ చేయండి. మీ పేరు, బుకింగ్ నంబరు, ఆ ఇటాలియన్ మాట చెప్పండి. ఫోన్ ఎత్తినవారి పేరు అడిగి రాసి పెట్టుకోండి.