అమెరికాలో తెలుగు చెప్పబోతున్నాను: తరగతిలో మన ఓరుగల్లు మాట వాడవచ్చా?

ప్రశ్న (హనుమకొండ అధ్యాపకురాలు)

నమస్కారం. నేను హనుమకొండలో ఒక జూనియర్ కళాశాలలో ఇంగ్లీషు బోధిస్తున్నాను. ఫుల్‌బ్రైట్ విదేశీ భాషా బోధన సహాయకుల కార్యక్రమం కింద ఒక విద్యా సంవత్సరం పాటు అమెరికాలో తెలుగు చెప్పడానికి ఎంపికయ్యాను; ఆగస్టులో బయలుదేరాలి. వీసా సంగతులు వారే చూసుకుంటున్నారు, నా సందేహం వేరు. ఇంట్లో నేను ‘పొద్దుగాల’, ‘సల్ల’, ‘అంగి’ అంటాను. పాఠంలో ‘ఉదయం’, ‘మజ్జిగ’, ‘చొక్కా’ ఉంటాయి. అక్కడి పిల్లల ముందు నా మాట దాచుకోవాలా? అక్కడ రోజులు ఎలా గడుస్తాయో, బతుకమ్మ నాటికి ఏం చేస్తారో కూడా వెళ్లి వచ్చినవారు చెప్పగలరు.

జవాబు 1 (వరంగల్ అక్క)

చెల్లెమ్మా, దాచుకోవద్దు. నేను కొన్నేళ్ల కిందట ఇదే కార్యక్రమంలో వెళ్లి, మొదటి పది రోజులు రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడాను. ఒకనాడు నోరు జారి ‘ఇగ చాలు, రేపు చూద్దాం’ అనేసరికి, వెనక కూర్చునే అమ్మాయి తలెత్తి, ‘మా అమ్మమ్మ కూడా ఇగ అంటది’ అన్నది. నా తరగతిలో సగానికి పైగా అక్కడి తెలుగు కుటుంబాల పిల్లలే. ఇంట్లో విన్న మాట అర్థమవుతుంది గాని అక్షరాలు రావు. ఆనాటి నుంచి బోర్డు మీద రెండు మాటలూ రాసి, ఏది ఎక్కడ వినబడుతుందో చెప్పేదాన్ని. కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబరు 9ని మనం తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటామని చెప్పి, ఆ గంటంతా వరంగల్ మాటలోనే నడిపాను.

అసలు చిక్కు ‘మీరు’, ‘నువ్వు’ దగ్గర వచ్చింది. అక్కడ విద్యార్థులు మనల్ని పేరు పెట్టి పిలుస్తారు, అది అమర్యాద కాదు. అమ్మను నువ్వంటాం, నాన్నను కొందరు మీరంటారు అని చెప్పబోతే, ఎందుకని అడిగారు. నా దగ్గర జవాబు లేదు!

బతుకమ్మకు తంగేడు దొరకదని దిగులు పడ్డాను. శరదృతువు మొదట్లో అక్కడ గోల్డెన్‌రాడ్ అనే పసుప్పచ్చని పువ్వు విరివిగా పూస్తుంది, దూరం నుంచి చూస్తే తంగేడే అనిపిస్తుంది. పార్కుల్లో పూలు తెంపనివ్వరు కనుక ఒక ఆచార్యురాలి పెరట్లో అడిగి తెచ్చుకున్నాం. వరుసలు పేర్చి, పసుపు గౌరమ్మను పెట్టి, పదిహేను మందిమి చప్పట్లు కొడుతూ తిరిగాం. భద్రకాళి చెరువు లేదు కదా, పెద్ద బకెట్‌లో నీళ్లు పోసి సాగనంపాం.

జవాబు 2 (విశ్రాంత తెలుగు అధ్యాపకుడు, కరీంనగర్)

అమ్మా, పై సోదరి మాటను ఒక్క చోట సవరిస్తాను. ‘వస్తున్నాడు’, ‘వస్తుండు’, ‘వత్తాండు’ మూడూ మన చెవికి ఇంపే గాని, అక్షరాలు కూడబలుక్కునే వారి ముందు మూడింటినీ ఒకేసారి పెడితే ఏ ఒక్కటీ నిలవదు. వినడానికి అన్నీ పెట్టండి, రాయడానికి ఒకదాన్నే పట్టుకోండి. మరొక మాట: 1962 నుంచి పి.ఎల్. 480 పథకం కింద, అంటే అమెరికా తిండిగింజలకు మన దేశం రూపాయల్లో కట్టిన సొమ్ముతో ఇక్కడి పుస్తకాలు కొని పంపే ఏర్పాటు కింద, అక్కడి పెద్ద గ్రంథాలయాలకు తెలుగు పుస్తకాలు చేరాయి. ఇక్కడ చెదలు తిన్నవి అక్కడ భద్రంగా కనబడవచ్చు, తీరిక చేసుకొని వెళ్లండి.

జవాబు 3 (జగిత్యాల నుంచి వచ్చి ప్రస్తుతం అక్కడే ఉన్నవాడిని)

అక్కా, డిసెంబరు సెలవుల్లో చాలా చోట్ల హాస్టళ్లు, భోజనశాలలు మూసివేస్తారు. ఎక్కడ ఉండాలో నవంబరులోనే అడిగి పెట్టుకోండి. నేను అడగక తిప్పలు పడ్డాను. సకినాలు నిరభ్యంతరంగా తెచ్చుకోవచ్చు, పచ్చి కరివేపాకు, మాంసం పచ్చళ్లు మాత్రం విమానాశ్రయంలో తీసేసుకుంటారు. బోధన వారానికి 20 గంటలకు మించదు గాని, మీరు కూడా కోర్సులు చదవాలి కాబట్టి తీరిక ఉంటుందనుకోవద్దు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. వరంగల్ అక్కా, బతుకమ్మలో పేర్చే గునుగు పూల గింజలు కొంగున కట్టుకొని వస్తే, ఏదైనా కుండీలో మొలిపించవచ్చా?

వరంగల్ అక్క

వద్దమ్మా, గింజలకు ధ్రువపత్రం అడుగుతారు. సెలోసియా అని అడిగితే అక్కడి పూల దుకాణాల్లోనే దొరుకుతుంది. గునుగు ఆ జాతిదే.