మన ప్రభుత్వం మంచిచెడ్డలను దేనితో పోల్చి చూడాలి?

హన్మకొండ చౌరస్తాలో చాయ్ తాగుతూ మా బావతో మొదలైన గొడవ ఇంకా తెగలేదు. జలియన్‌వాలాబాగ్ కాల్పులకు బ్రిటన్ 2019లో విచారం తెలిపిందే కానీ క్షమాపణ చెప్పలేదని నేను మండిపడ్డాను. "మరి 1948లో హైదరాబాద్ సంస్థానాన్ని దేశంలో కలిపిన పోలీసు చర్య తర్వాత జరిగిన ముస్లింల హత్యల మీద సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదికను మనవాళ్లు దశాబ్దాల పాటు ఎందుకు దాచారు?" అన్నాడు. నోట మాట రాలేదు. రజాకార్ల ఘోరాలు తాత నోట విన్నవాణ్ని, అందుకే ఇంకా ఇబ్బంది. "పక్క దేశాల కంటే నయమే కదా" అని తప్పించుకున్నాను. పక్కింటోడు ఫెయిలైతే మన 36 మార్కులు ఫస్ట్ క్లాసు అవుతాయా? మరి వేరే దేశాలతో పోల్చాలా, మన రాజ్యాంగం ఇచ్చిన మాటతోనా? ఎమర్జెన్సీ 21 నెలలను మీరెలా లెక్కేస్తారు? తెలిసినవాళ్లు కాస్త విడమరచి చెప్పండి. ఆదివారం బావ మళ్లీ వస్తున్నాడు.