సంక్రాంతికి తాళం వేసిన ఇళ్ళ వివరాలను కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టవచ్చా?

కాలనీ కార్యదర్శి, జగ్గయ్యపేట:

పెద్దలందరికీ నమస్కారం. జగ్గయ్యపేటలో ఒక కాలనీ సంక్షేమ సంఘానికి నేను రెండేళ్ళుగా కార్యదర్శిగా ఉన్నాను. మా కాలనీలో తొంభైకి పైగా ఇళ్ళున్నాయి. వాటిలో చాలా ఇళ్ళు ఉపాధ్యాయులవి, బ్యాంకు ఉద్యోగులవి, చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలలో పనిచేసేవారివి. వీరికి సొంత ఊళ్ళు వేరే ఉన్నాయి కనుక సంక్రాంతి సెలవులు ఇవ్వగానే వీధికి నాలుగైదు ఇళ్ళకు తాళాలు పడతాయి. పేటవాసుల ఇళ్ళలో అదే సమయంలో హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి పిల్లలు దిగుతారు, వీధిలో కొత్త కార్లు, కొత్త ముఖాలు కనిపిస్తాయి. ఎవరు మనవారో, ఎవరు పరాయివారో పోల్చుకోవడం ఆ వారం రోజులూ కష్టం.

నిరుడు ఊళ్ళకు వెళ్ళేవారి పేర్లు చెబితే మిగిలినవారం ఆ ఇళ్ళను కనిపెట్టుకుని ఉంటామని గ్రూపులో నేనే రాశాను. రెండు రోజుల్లో ఇరవై మూడు కుటుంబాలు తేదీలతో సహా తమ ప్రయాణాల సంగతి పెట్టాయి. కనుమ నాటి రాత్రి ఆ జాబితాలోని రెండు ఇళ్ళ తాళాలు పగిలాయి. ఒక ఇంట్లో ఆడపిల్ల పెళ్ళికని కూడబెట్టి చేయించిన నగలు పోయాయి. దొంగలకు ఆ జాబితా అందిందని ఎవరూ తేల్చలేదు. కానీ తరువాత నేను సభ్యుల పేర్లు ఒక్కొక్కటిగా చూస్తే, ఎప్పుడో ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయిన అద్దెవారు, పేరే లేని నంబర్లు కలిపి ముప్పై దాకా ఉన్నాయి. ఆ పిల్ల తల్లి నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అయినా ఇప్పటికీ ఆమె ఎదురుపడితే నాకు మాట రాదు.

రెండో సంగతి కూడా చెప్పాలి. ఈ డిసెంబరులో, దుప్పట్లు అమ్మేవారి వేషంలో దొంగలు తిరుగుతున్నారని ఎక్కడిదో ఒక ఆడియో మా గ్రూపులోకి వచ్చింది. మరునాడే మా కుర్రవాళ్ళు ఒక దుప్పట్ల వ్యాపారిని ఆపి, మూట విప్పించి, చీకటిపడే దాకా కూర్చోబెట్టారు. అతను ఏటా చలికాలంలో మన పేటకు వచ్చేవాడేనని ఆ తరువాత తెలిసింది.

ఈ సంక్రాంతికి గ్రూపులో ఏది పెట్టాలి, ఏది పెట్టకూడదు? అసలు జాబితానే వద్దంటే పక్కింటివారు ఊళ్ళో ఉన్నారో లేదో తెలియకుండా ఎలా కాపలా కాస్తాం? అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

విశ్రాంత హెడ్ కానిస్టేబుల్:

కార్యదర్శిగారూ, మీ మంచి ఉద్దేశాన్ని తప్పుపట్టవలసిన పని లేదు, జాబితా ఉండవలసిందే. అయితే అది నూటికి పైగా ఫోన్లలో ఉండకూడదు. వీధికి ఇద్దరి దగ్గర, కాగితం మీద ఉంటే చాలు, ఒక ప్రతి స్టేషనులో ఇవ్వండి. రాత్రి గస్తీకి వచ్చే సిబ్బందికి ఏ వీధిలో ఏ ఇల్లు ఖాళీగా ఉందో ముందుగా తెలిస్తే అక్కడ ఒక్క క్షణం ఎక్కువసేపు ఆగుతారు.

నేను నా ఉద్యోగ కాలంలో చూసినది ఒకటి చెబుతాను. ధనుర్మాసంలో తాళం వేసిన ఇంటిని పట్టుకోవడానికి దొంగకు వాట్సాప్ అవసరం లేదు. ఆ నెల రోజులూ ప్రతి వాకిట్లో తెల్లవారేసరికి కళ్ళాపి చల్లి ముగ్గు వేస్తారు, పండుగ మూడు రోజులైతే రంగులు, గొబ్బెమ్మలు కూడా పెడతారు. వరుసగా పది వాకిళ్ళు కళకళలాడుతూ మధ్యలో ఒక్క వాకిలి ఎండిపోయి కనిపిస్తే, ఆ ఇంట్లో మనుషులు లేరని వీధి మొదట్లో నిలబడినవాడికే తెలిసిపోతుంది. పగలు బొమ్మలో, ప్లాస్టిక్ సామానో అమ్ముతున్నట్టు ఒక చుట్టు తిరిగితే చాలు, ఇక రాత్రికి వెతుక్కోవలసిన అవసరం ఉండదు. గేటులో పడి ఉన్న దినపత్రికలు, పగటిపూట కూడా వెలుగుతున్న వరండా దీపం, బయటికి వేలాడే పెద్ద తాళం కూడా ఇదే సంగతి చెబుతాయి. కనుక ఊరికి వెళ్ళేవారు పాలు, పేపరు ఆపించాలి, వరండా దీపాన్ని పక్కింటివారు సాయంత్రం వేసి ఉదయం ఆర్పేలా ఏర్పాటు చేసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా పొరుగింటి ఆడవారిని తమ వాకిట్లో కూడా నాలుగు గీతల ముగ్గు వేయమని అడగాలి. మా వీధిలో ఎన్నో ఏళ్ళుగా ఇలాగే చేస్తున్నాం.

మన రాష్ట్ర పోలీసు శాఖకు ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టం) అనే, తాళం వేసిన ఇళ్ళను కనిపెట్టే సదుపాయం ఉంది. ఆ యాప్‌లో పేరు నమోదు చేసుకుని ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఊళ్ళో ఉండరో తెలిపితే, సిబ్బంది వచ్చి ఇంట్లో ఒక కెమెరా అమర్చుతారు. లోపల ఏ కదలిక జరిగినా కంట్రోల్ రూముకు హెచ్చరిక వెళుతుంది, దీనికి రుసుము లేదు. పండుగ ముందు చాలామంది అడుగుతారు కనుక బస్సు ఎక్కే రోజు దాకా ఆగకుండా వారం ముందే స్టేషనులో కనుక్కోండి.

బంగారాన్ని బ్యాంకు లాకరులో పెట్టేవారు వరుస సెలవులు మొదలుకాకముందే ఆ పని చేయాలి. బీరువా తాళంచెవిని చీరల మడతల కింద గానీ, దేవుడి పటం వెనక గానీ దాచవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. చాలా ఇళ్ళలో దొంగలు మొదట వెతికే చోట్లు అవే. తాళం పగిలి ఉందని కనిపిస్తే లోపలికి వెళ్ళకండి, తలుపు గడియను, బీరువాను ముట్టుకోకండి. అత్యవసర నంబరు 112కు ఫోను చేసి బయటే ఉండండి. పదిమంది ఆత్రంగా లోపల తిరిగితే వేలిముద్రలు తీసే క్లూస్ టీముకు ఏమీ మిగలదు.

పేట విలేకరి:

నేను చాలా ఏళ్ళుగా ఈ ప్రాంతంలో వార్తలు రాస్తున్నాను కనుక మీ రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను. దుప్పట్ల వ్యాపారి సంగతి చదివి చాలా బాధపడ్డాను, అంతటితో ఆగినందుకు ఊరట కూడా కలిగింది. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న పుకారు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఫోను నుంచి ఫోనుకు పాకినప్పుడు, భాష తెలియనివారిని, భిక్షాటన చేసేవారిని, మతి స్థిమితం లేనివారిని జనం పట్టుకుని కొట్టారు, ప్రాణాలు కూడా పోయాయి. దేశమంతటా అలాంటి ఘటనలు జరిగిన తరువాతే, ఆ ఏడాది జులైలో, వచ్చిన సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా వాట్సాప్ మన దేశంలో కట్టడి పెట్టింది.

సంక్రాంతి నెలలో మన వీధుల్లోకి వచ్చే హరిదాసులు, గంగిరెద్దులవారు, బుడబుక్కలవారు మనకు తెలిసినవారు కాకపోవచ్చు, కానీ వారి రాక కొత్తది కాదు. అలాంటివారి ఫొటోను అనుమానితుడన్న రాతతో గ్రూపులో పెట్టడం ఒక మనిషి మీద నేరం మోపడమే అవుతుంది. నిజంగా అనుమానం కలిగితే 112కు చెప్పండి. కనుక్కునే అధికారం, బాధ్యత పోలీసులవి.

గ్రూపులో వార్త పెట్టేవారు నాలుగు సంగతులు లేకుండా పెట్టకూడదని మీరు నియమం చేయండి. ఏం జరిగింది, ఏ వీధిలో, ఏ రోజు ఎన్ని గంటలకు, స్వయంగా చూసినది ఎవరు అన్నవే ఆ నాలుగూ. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లేకపోయినా అది ఇంకా వార్త కాదు. మీకు వచ్చిన ఆడియోలో ఊరి పేరు, తేదీ ఉండి ఉండవని నేను అనుకుంటున్నాను, అందుకే అది ఎన్ని ఏళ్ళయినా పాతబడకుండా ప్రతి చలికాలంలోనూ తిరుగుతుంది. సెలవులు ముగిసే దాకా నిర్వాహకులు మాత్రమే సందేశాలు పంపేలా అమరిక మార్చుకుంటే మీకు పని పెరుగుతుంది కానీ ఊరికి మేలు జరుగుతుంది. ఒక పిల్లవాడు తప్పిపోయాడని పెట్టి, దొరికాక ఆ మాట పెట్టకపోవడం కూడా తప్పే. దొరికిన సంగతి తెలియక మూడు రోజుల తరువాత కూడా వెతుకుతున్నవారిని నేను చూశాను.

పేట ఆడపడుచు, హైదరాబాదు:

అన్నయ్యగారూ, మీరందరూ తాళం వేసిన ఇళ్ళ గురించే రాశారు, తాళం వేయని మా అమ్మానాన్నల ఇంటి గురించి కూడా ఒక మాట చెప్పాలనిపించింది. చుట్టూ నాలుగు ఇళ్ళు ఖాళీ అయితే ఒంటరిగా మిగిలే వృద్ధులకు ఆ వారం చాలా భయంగా ఉంటుంది. నేను బయలుదేరి వచ్చే దాకా రోజుకు ఒకసారి ఎవరైనా తలుపు తట్టి పలకరిస్తే అంతకంటే కావలసినది లేదు. పండుగ శుభాకాంక్షల పేరుతోనో, పెళ్ళి శుభలేఖ పేరుతోనో గ్రూపుల్లోకి వచ్చే ఏపీకే ఫైళ్ళను (నొక్కితే ఫోనులోకి యాప్‌ను ఎక్కించేవి) వారు నొక్కకుండా దయచేసి చెప్పండి. తెలిసినవారి నంబరు నుంచి వచ్చినా సరే, వారి ఫోను అప్పటికే దొంగల చేతిలో పడి ఉండవచ్చు. డబ్బు పోయినట్టు తెలిసిన వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫోను చేయాలి, ఆలస్యమయ్యే కొద్దీ ఆ సొమ్మును ఖాతాలో నిలిపివేసే అవకాశం తగ్గిపోతుంది.

మాలాంటివారు ఎక్కువగా పండుగకు ముందు రోజుల్లోనే 65వ నంబరు జాతీయ రహదారి మీద వస్తారు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ ప్లాజాల దగ్గర ఎంత ఆలస్యమైనా ఓపిక పట్టవచ్చు కానీ, కోదాడ దాటాక తెల్లవారుజామున పొగమంచులో, వెనక దీపం లేని ట్రాక్టరు, రోడ్డు అంచున ఆపిన లారీ చివరి క్షణం దాకా కనిపించవు. పొగమంచు ఎంత ఉందో పేటలో ఉదయమే లేచినవారు ఒక్క వాక్యం గ్రూపులో పెడితే మేము సూర్యాపేటలోనే ఆగి ఎండ వచ్చాక బయలుదేరతాం. రహదారి మీద వాహనం చెడిపోతే 1033కు చెప్పవచ్చని కూడా అందరికీ తెలియజేయండి.

కరెంటు పనివాడు:

భోగి మంటను సర్వీసు తీగల కింద, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర, గడ్డివాములకు గాలివాటున వేయవద్దని, టైర్లు వేయవద్దని ముందు రోజే గ్రూపులో పెట్టండి. తీగలకు చిక్కుకున్న గాలిపటాన్ని కర్రతో, ఇనుప గొట్టంతో లాగే పిల్లలను చూస్తే నాకు గుండె ఆగినంత పని అవుతుంది. దానిని వదిలేయమని, అవసరమైతే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు చెప్పమని పెద్దలు నచ్చజెప్పాలి. గాలిపటాలకు కట్టే నైలాను దారాన్ని, అంటే నైలాను మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే నిషేధించింది. అయినా అది అమ్ముడవుతూనే ఉంది. 2024 సంక్రాంతికి ముందు హైదరాబాదు లంగర్‌హౌజ్‌లో బైకు మీద ఇంటికి వెళుతున్న ఒక సైనికుడు మాంజాకు గొంతు తెగి మరణించారు. మన పేటలో ఏ కొట్టులో అది కనిపించినా పోలీసులకు చెప్పడానికి మొహమాటపడకండి.

కాలనీ కార్యదర్శి, జగ్గయ్యపేట:

అందరికీ కృతజ్ఞతలు. గ్రూపులో గుర్తు తెలియని నంబర్లన్నీ నిన్న రాత్రే తీసివేశాను, ఇక నిర్వాహకులు మాత్రమే రాస్తారు. వీధికి ఇద్దరి చొప్పున పన్నెండు మందిని ఎంచుకున్నాం, ఊళ్ళకు వెళ్ళేవారు తమ తేదీలు వారికే నోటిమాటగా చెబుతారు. ముగ్గుల సంగతి మా ఇంట్లో చెప్పగానే, నిరుడు నగలు పోయిన తల్లి పనిగట్టుకుని మా ఇంటికి వచ్చి, తమ వరుసలో తాళం పడే నాలుగు వాకిళ్ళకూ తానే కళ్ళాపి చల్లి ముగ్గు పెడతానన్నారు. హెడ్ కానిస్టేబుల్‌గారిని ఒక్క మాట అడగాలి. పండుగ అయ్యాక ఆ కాగితాలను ఏం చేయమంటారు?

విశ్రాంత హెడ్ కానిస్టేబుల్:

చివరి కుటుంబం తిరిగి వచ్చి తలుపు తీసిన రోజున అన్నీ వెనక్కి తీసుకుని, మీ చేతులతోనే చింపివేయండి. వచ్చే ఏడాదికి మళ్ళీ కొత్తగా రాసుకోండి.