సర్కారు తుమ్మ కొట్టేసి అడవి పెంచడం సరైన పనేనా?

గుర్గావ్ బాటసారి:
మా గుర్గావ్‌లో ఆరావళి బయోడైవర్సిటీ పార్కు ఉంది, దాదాపు 390 ఎకరాలు. ఒకప్పుడు రాళ్ల క్వారీలు. తవ్వకాలు ఆగాక నేలంతా సర్కారు తుమ్మ అల్లుకుంది. 2010 నుంచి దాన్ని తీస్తూ స్థానిక మొక్కలు నాటారు. రక్షిత అరణ్యం కాకపోయినా జీవజాతులను కాపాడుతున్న చోటుగా దేశంలో మొదటి గుర్తింపు 2022లో దీనికే వచ్చింది. అంతా బాగుంది కానీ, తుమ్మ మాత్రం పచ్చదనం కాదా? నీల్గాయిలకు చాటు, పిట్టలకు గూడు. దాన్ని అలాగే వదిలేస్తే సరిపోయేదిగా!

మాచర్ల మాష్టారు:
వదిలేస్తే తుమ్మే మిగులుతుందండీ. మా పల్నాటి చెరువు గట్లు చూడండి, దాని కింద గడ్డి కూడా సరిగా మొలవదు. అది మన నేలది కాదు, అమెరికా ఖండాల నుంచి తెచ్చింది. మీ పార్కులో నాటినవాటిలో అందుగు, మోదుగ మన నల్లమలలోనూ ఉన్నాయి. అక్కడే నాటిన ధౌ అనే చెట్టయితే మన చిరుమానుకు దాయాది, బండ సందుల్లో బతుకుతుంది. మట్టే మిగలని క్వారీకి అలాంటి చెట్టే కావాలి. అసలు ధౌ అడవి ఎలా ఉంటుందో చూడాలంటే మీ దగ్గర్లోనే మాంగర్ బనీ అనే పవిత్ర వనం ఉంది. గుదరియా దాస్ బాబా అనే సాధువు మీది భక్తితో (భయంతో కూడా అనుకోండి) ఊళ్లవాళ్లు అక్కడ కొమ్మ విరవరు.

ఖని కుర్రోడు:
చెట్ల సంగతి ఒప్పుకుంటా సార్. నా టెన్షన్ వేరు. రేపు ఈ పార్కు ఫొటో చూపించి ‘ముందు తవ్వనివ్వండి, తర్వాత అడవి పెంచుతాం’ అంటారు. మా ఊరి పక్కన ఓపెన్‌కాస్ట్ గని (పైనుంచి తవ్వే గని) తవ్వి పోసిన మట్టి గుట్ట ఉంది. పైమట్టి అడుక్కి పోయింది, అడుగు రాయి పైకొచ్చింది. పెద్ద వాన పడితే చాలు, కోసుకుపోతుంది. క్వారీలో కనీసం పాత బండైనా చోటు కదలకుండా ఉంటుంది.

గుర్గావ్ బాటసారి:
అది నిజమే తమ్ముడూ. ఇక్కడ కూడా చెట్లు ఎదిగాక, పార్కు మధ్యనుంచి హైవే వేద్దామన్నారు. జనం గట్టిగా ఎదురు తిరిగారు. అంటే ఒకసారి తవ్విన నేలంటే అందరికీ అలుసే.

మాచర్ల మాష్టారు:
బాబూ, మీ గుట్ట మీద ఏం నాటారు?

ఖని కుర్రోడు:
సుబాబుల్, నీలగిరి. ప్రేయర్‌లో పిల్లల్లా వరసగా.

మాచర్ల మాష్టారు:
మోదుగ ఒక్కటైనా లేదా?

ఖని కుర్రోడు:
ఉంది సార్. కింద, ఇంకా తవ్వని గట్టు మీద.