తెప్పలుగనా, దెప్పలుగనా, ఇంకేదైనానా?

మూడో బెంచీ:
మిత్రులకు నమస్కారం. మూడు రోజులుగా ఒక పద్యపాదం చెవిలో దోమలాగా తిరుగుతోంది. మొన్న రాత్రి టీవీలో ఒక చేరిక చూపిస్తున్నారు. ఎవరు, ఏ పార్టీ అన్నది చెప్పను, వచ్చే వారానికి పాతబడిపోతుంది. సోఫాల మధ్య నిలబెట్టి కండువా కప్పారు. కొత్త కండువా, ఇస్త్రీ మడతలు నాలుగూ అలాగే నిలబడి ఉన్నాయి. ఫోటో సరిగా రాలేదేమో, తీసి మళ్లీ కప్పారు. కింద "నియోజకవర్గ అభివృద్ధి కోసమే" అని అక్షరాలు పరుగెడుతున్నాయి. మా నాన్నగారు మంచం మీద నుంచే "...ప్పలుగ చెరువు నిండిన కప్పలు పదివేలు చేరు గదరా" అని అటు తిరిగి పడుకున్నారు. కట్టుడు పళ్లు అప్పటికే గ్లాసులో ఉన్నాయి. అందుకని ఆ మొదటి అక్షరం నాకు దక్కలేదు. పొద్దున అడిగితే "నేను సరిగానే అన్నాను, నీకే చెవులు లేవు" అన్నారు.

పత్రికకు ఒక ఉత్తరం రాస్తున్నాను, అందులో ఈ పద్యం పెట్టాలి. ఆ అక్షరం ఏమిటి, ఆ మాటకు అర్థం ఏమిటి?

అరసున్న:
ఇది కూడా అడగాలా మాస్టారూ! సుమతి.

ఎప్పుడు సంపద గలిగిన
నప్పుడె బంధువులు వత్తు రదియెట్లన్నన్
దెప్పలుగఁ జెఱువు నిండినఁ
గప్పలు పదివేలు చేరుఁ గదరా సుమతీ.

మాట "తెప్పలుగ". పై పాదం "అన్నన్" అని ద్రుతంతో, అంటే నకారపు పొల్లుతో, ఆగింది కాబట్టి తకారం సరళమై "దెప్పలుగ" అయింది. "ద్రుతప్రకృతికము మీఁది పరుషములకు సరళములగు." "నిండినఁ గప్పలు"లో కప్ప గప్ప అయిందీ అందుకే. ఉత్తరంలో మూడో పాదం ఒక్కటే విడిగా ఇస్తే "తెప్పలుగ" అని రాయండి. పద్యం మొత్తం ఇస్తే "దెప్పలుగ". అర్థం: నిండుగా. అయిపోయింది.

పెద్దబాలశిక్ష:
అయిపోలేదు. మా బడిలో మేము వల్లె వేసింది "కుప్పలుగ". ఇప్పటికీ నోరు తిరిగేది అదే. కప్పలు కుప్పలుగా చేరడంలో ఉన్న అందం తెప్పలో ఎక్కడుంది?

అరసున్న:
"అన్నన్" తరువాత "కుప్పలుగ" వస్తే "గుప్పలుగ" కావాలి. మీ పంతులుగారు "గుప్పలుగ" అని చెప్పించారా? చెప్పించి ఉంటే ఒప్పుకుంటాను. పైగా ఆ మాట నిండే చెరువుకు విశేషణం, చేరే కప్పలకు కాదు. చెరువు కుప్పలుగా నిండుతుందా?

పెద్దబాలశిక్ష:
చెరువు తెప్పలుగా మాత్రం నిండుతుందా? "కుప్పలు తెప్పలు" అని జంటగా అంటాం కదా. ఉత్తరాలు కుప్పలు తెప్పలుగా వచ్చాయి, ధాన్యం కుప్పలు తెప్పలుగా పడి ఉంది. ఆ జంటలో రెండింటికీ ఒకే అర్థమైతే ఒకటి తీసి ఇంకొకటి పెట్టినవాడిది తప్పెలా అవుతుంది?

అరసున్న:
జంటమాటల్లో రెండోదానికి విడిగా అర్థం ఉండాలని నియమం లేదు. ఉందని మీరు అంటున్నారు కాబట్టి చెప్పండి: తెప్ప ఒక్కటే ఉన్నప్పుడు "రాశి" అనే అర్థంలో మీరు ఎక్కడ విన్నారు?

పెద్దబాలశిక్ష:
ఈ పద్యంలోనే.

మదురై తెలుగు:
నన్ను ఒక మాట చెప్పనివ్వండి. మేము నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్నాం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మా ఊళ్లో వండియూరు మారియమ్మన్ గుడి కోనేరును తెప్పకుళం అంటారు. తై నెలలో మీనాక్షి సుందరేశ్వరులను తెప్ప మీద తిప్పుతారు. కోనేరులో నీళ్లు లేని ఏడాది ఉత్సవం వెలవెలబోతుంది, తెప్పను నేల మీద తిప్పలేరు కదా. అంటే "తెప్పలుగ చెరువు నిండడం" అంటే తెప్ప వేసేంతగా నిండడం. ఇది కొలత మాట. మోకాలి లోతు, నిలువు లోతు, తెప్ప లోతు. ఇంకొకటి. ఇక్కడివాళ్లు వానలో నిలువునా తడిసి వస్తే "తెప్పమా" తడిశానంటారు. తెప్ప నీళ్లలో నానినట్టు. నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అరసున్న:
బాగుంది. కానీ "తెప్ప తేలునట్లు" అనాలంటే "తెప్పలుగ" అనే బహువచనం ఎందుకు? "గ" చేరితే తెప్పలే అయినట్టు అర్థం. చెరువు తెప్పలు కావడం ఏమిటి?

దెప్పిపొడుపు:
అందరూ తకారం అనే ఊహ మీద మేడ కడుతున్నారు. మాట మొదటి నుంచీ దకారంతోనే ఉంటే? "దెప్పలుగ" అంటే దెప్పుతూ, ఎగతాళి చేస్తూ. ఎండిన రోజుల్లో ఎవరూ రాలేదని చెరువు కప్పలను దెప్పిపొడుస్తోంది. ద్రుతం తరువాత సరళం సరళంగానే ఉంటుంది, సంధి నాకు అడ్డం రాదు.

అరసున్న:
సంధి అడ్డం రాదు, మిగతావన్నీ వస్తాయి.

పెద్దబాలశిక్ష:
మొదటిసారి అరసున్నగారితో ఏకీభవిస్తున్నాను.

చెరువుగట్టు:
మీరంతా పద్యం చుట్టూ తిరుగుతున్నారు, చెరువు దగ్గరికి ఎవరూ రావడం లేదు. మా ఇల్లు గట్టు కింద. అందుకే చెబుతున్నాను, ఈ పద్యం రాసినాయన కప్పలను సరిగా చూడలేదు. చెరువు నిండితే కప్పలు ఎక్కడి నుంచో వచ్చి చేరవు. ఎండాకాలమంతా అక్కడే, గట్టు మట్టిలో కూరుకుని ఉంటాయి. మొదటి గట్టి వానకు మట్టి మెత్తబడగానే పైకి వస్తాయి. అప్పటికి చెరువులో మడమ లోతు నీళ్లు కూడా ఉండవు. గోదురుకప్పల్లో మగవి ఆ రోజుల్లో ఒంటి రంగే మార్చేసుకుంటాయి. ఏ రంగుకో చెప్పను, నిర్వాహకులు ఈ వ్యాఖ్య తీసేస్తారు. గుడ్లు పెట్టేది కూడా పక్క గుంటల్లోనే ఎక్కువ. నిండిన చెరువులో చేపలుంటాయి, తోకకప్పలను మిగలనివ్వవు.

కాబట్టి మూడో బెంచీగారూ, మీ ఉత్తరంలో ఈ సంగతి రాయండి. వాళ్లు బయటి నుంచి రాలేదు. అక్కడే ఉన్నారు. వాన కోసం చూశారు.

మూడో బెంచీ:
ఇది మా నాన్నగారికి చదివి వినిపించాను. "బద్దెన జీవశాస్త్రం చెప్పలేదు" అన్నారు. అక్షరం సంగతి మళ్లీ అడిగాను. కాఫీ అడిగారు.

కాళహస్తి:
బద్దెన అన్నారు కాబట్టి అడుగుతున్నాను. నీతిశాస్త్రముక్తావళి రాసిన బద్దెనా, సుమతి రాసిన బద్దెనా ఒకరే అని తేలిపోయిందా? ఆ సంగతి ఉంచండి. సామంతుడిగా బతికినవాడు బంధువుల మీద పద్యం చెప్పి సరిపెట్టుకున్నాడు. దొరల సంగతి దొరల ముఖం మీదే చెప్పినవాడు ధూర్జటి. "రాజుల్ మత్తులు వారి సేవ నరకప్రాయంబు వారిచ్చు నంభోజాక్షీ చతురంతయాన తురగీ భూషాదు లాత్మవ్యథాబీజంబుల్." చేరినవాడికి ఏమేం దక్కుతాయో జాబితా ఇచ్చేశాడు చూడండి. చతురంతయానం అంటే పల్లకి. ఇప్పుడు దాని ముందు సైరను బండి ఒకటి వెళుతుంది, అంతే తేడా.

పెద్దబాలశిక్ష:
ప్రతి చర్చలోకీ ధూర్జటిని తెస్తారు. మొన్న ఆవకాయ అనే మాట మీద చర్చలోనూ తెచ్చారు. సరే, వచ్చాడు కాబట్టి అడుగుతాను. "తురగీ" ఏమిటి? రాజు గుర్రాలిస్తాడు కానీ ఏరి ఏరి ఆడగుర్రాలే ఎందుకిస్తాడు?

అరసున్న:
శార్దూలంలో అక్కడ సగణం పడాలి, అంటే రెండు లఘువులు, ఒక గురువు. "తురగ" అంటే మూడూ లఘువులే. దీర్ఘం కావాలి, ఈకారం వచ్చింది. గుర్రం ఆడదయింది గణం కోసం.

కాళహస్తి:
ధూర్జటికి గణం కుదరక గుర్రాన్ని మార్చాడంటారా? ఆ మాటకు మూడుసార్లు లెంపలు వేసుకోండి. అంభోజాక్షి పక్కన తురగి. ఆ వరుసలోనే వెటకారం ఉంది.

నిర్వాహకుడు:
పెద్దలందరికీ మనవి. చర్చ తెప్ప మీద. గుర్రం మీద కావాలంటే వేరే తెరవండి. పార్టీల పేర్లు ఇంతవరకు రాలేదు, సంతోషం.

లెక్కల పంతులు:
పేర్లు లేకుండా లెక్కలు చెప్పుకోవచ్చు కదా. ఆంధ్రప్రదేశ్‌లో 2014 తరువాత ప్రతిపక్షం నుంచి అధికార పక్షానికి వెళ్లిన ఎమ్మెల్యేలు 23 మంది. 2019లో ఆ అధికార పక్షానికి మిగిలిన స్థానాలు 23. తెలంగాణలో 2018లో ప్రధాన ప్రతిపక్షం గెలిచినవి 19. వారిలో ఒకరు ఎంపీ అయి 2019 జూన్‌లో శాసనసభకు రాజీనామా చేయగానే 18 అయ్యారు. విలీనం చెల్లాలంటే మూడింట రెండు వంతులు కావాలి, 18లో అది 12. మరునాడే సరిగ్గా 12 మంది "విలీనం" అయ్యారు. 2023లో చెరువు మారింది, కప్పల దారీ తిరగబడింది. ఈసారి పదిమంది మీద అనర్హత పిటిషన్లు. వాటిని మూడు నెలల్లో తేల్చమని 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. 1985లో 52వ సవరణతో ఫిరాయింపులను అడ్డుకునే పదో షెడ్యూలు తెచ్చినప్పుడు మూడింట ఒక వంతు చీలినా చెల్లేది. 2003లో 91వ సవరణ ఆ దారి మూసింది. విలీనం దారి మాత్రం ఉంది. పదివేల కప్పలు అక్కర్లేదు, పన్నెండు చాలు. లెక్క కుదరాలంతే.

అరసున్న:
అంటే గణాలు కుదిరాయన్నమాట. కందంలో ఆరో గణం జగణమో నలమో అయి తీరాలి. "లు వత్తు", "లు చేరు" రెండూ జగణాలే. రాజ్యాంగానికైనా ఛందస్సుకైనా లెక్క కుదిరితే అర్థం ఎవరూ అడగరు.

పెద్దబాలశిక్ష:
మీరు చూపిన ఆ రెండు చోట్లలోనే ఇంకో విశేషం ఉంది, మీరు గణాలు లెక్కపెడుతూ వదిలేశారు. బంధువులు "వత్తురు". కప్పలు "చేరు". మనుషులకు బహువచన క్రియ, కప్పలకు ఆ మర్యాద లేదు. ఇప్పుడు పత్రికలు నాయకులు "వచ్చారు" అని రాయవు, "చేరారు" అని రాస్తాయి. చేరికలు, చేరికల సభ, ఒక పార్టీ అయితే ఏకంగా చేరికల కమిటీ వేసుకుంది. క్రియ కప్పలది, ప్రత్యయం మనుషులది.

చెరువుగట్టు:
కండువా "కప్పుకున్నారు" అన్నదాంట్లో కూడా కప్ప ఉంది.

అరసున్న:
లేదు. కప్పు క్రియ వేరు, కప్ప నామం వేరు.

చెరువుగట్టు:
వేరని నాకూ తెలుసు. నవ్వుకోనివ్వండి.

దెప్పిపొడుపు:
"కప్పల తక్కెడ" సంగతి ఎవరూ ఎత్తలేదేమిటి? ఒకటి వేస్తే ఒకటి దూకుతుంది, తూకం ఎప్పటికీ నిలవదు. మూడో బెంచీగారు పద్యం మానేసి ఈ రెండు మాటలు పెట్టుకుంటే అక్షరం గొడవే ఉండదు.

మూడో బెంచీ:
నాకు పద్యమే కావాలి. తక్కెడలో కప్పలను ఎవరో పట్టి వేయాలి. వీళ్లు తమంతట తామే వచ్చారు. ఇంతకీ నేను తెప్ప అని రాయనా, నిండుగా అని అర్థం ఇవ్వనా, తెప్ప వేసేంతగా అని ఇవ్వనా?

మదురై తెలుగు:
తెప్ప వేసేంతగా.

అరసున్న:
నిండుగా.

పెద్దబాలశిక్ష:
కుప్పలుగ. గుప్పలుగ అని రాసినా నాకు అభ్యంతరం లేదు. కందంలో మూడో పాదానికి యతి లేదు, ప్రాస ఎలాగూ ప్పకారమే. ఛందస్సు నా వైపు లేకపోయినా నాకు ఎదురు లేదు.

చెరువుగట్టు:
ఒక మాట. అలుగు పారే రోజు పొద్దున గట్టు మీద నుంచి చూస్తే, ఎండు తుంగ, తూటికాడ, ఎండాకాలం పశువులు తొక్కిన గడ్డి, పేడ, అన్నీ పైకి లేచి చాపలు చాపలుగా తేలుతుంటాయి. గాలి ఎటు ఉంటే అటు పోతాయి. మా అమ్మ వాటినే తెప్పలు అనేది. "తెప్పలు లేచాయిరా, ఇక అలుగు దూకుతుంది" అనేది. వాటి మీద కూర్చునేవి కప్పలే.

అరసున్న:
...మీ అమ్మగారిది ఏ ఊరు? ఈ అర్థంలో ఆ మాట మీ ఊళ్లో ఇంకెవరైనా అంటారా?

చెరువుగట్టు:
అమ్మ లేదు. ఊళ్లో అడిగి చెబుతాను. చెరువులో ఇప్పుడు సగం లేఅవుటు.

మదురై తెలుగు:
అప్పుడు తెప్ప అంటే నేను చెప్పిన తెప్పే. తేలేది.

అరసున్న:
మీరు చెప్పింది మనిషి కట్టిన తెప్ప. ఇది దానంతట అది లేచినది. రెండూ ఒకటి కావు. కానీ ఆ బహువచనం ఎందుకన్న నా ప్రశ్నకు దీంట్లో జవాబు ఉన్నట్టుంది. రెండు రోజులు టైమివ్వండి.

మూడో బెంచీ:
ఉత్తరం ఈ రోజు పత్రికలో వచ్చింది. నేను పంపింది "తెప్పలుగ", అర్థం ఇవ్వలేదు. వాళ్లు "తిప్పలుగఁ జెరువు నిండిన" అని అచ్చేశారు. నాన్నగారికి చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, "నేను అన్నది ఇదే" అన్నారు.

అరసున్న:
గణం చెడలేదు. ప్రాస చెడలేదు. రేపు దీన్నే ఎవరో పాఠాంతరం అంటారు.

పెద్దబాలశిక్ష:
తిప్ప అంటే ఇసుక దిబ్బ కదా. చెరువులో తిప్పలు ఉంటాయి. ఒక్క నిమిషం ఆగండి.